గుర్రప్పిల్ల కొయ్య కొరుకుతుంటే: గుంటూరు, విజయవాడ ఎండల్లో దాని నోటికి పని పెట్టే పద్ధతి

తలుపు పై అంచు గుండ్రంగా అరిగిపోతుంది. కంచె అడ్డకర్రల నిండా పళ్ళ గాట్లు పడతాయి. గాడి అంచు పీచులు లేస్తుంది, పక్కనున్న పిల్ల తోకలో సగం వెంట్రుకలు మాయమవుతాయి. పాలు మానిన ఆరో నెల నుంచి మూడేళ్ళు నిండేదాకా గుర్రప్పిల్లలున్న చోట ఇవి మామూలే. దీనికి చాలామంది వెంటనే చేసేవి రెండు పనులు: ఒక బంతి కొని పడేయడం, లేదంటే కర్రకు కారం పూయడం. రెండూ పనికొచ్చేవే, కానీ వాటి వంతు చివర్లో వస్తుంది.

ముందు వేళ గమనించండి. మన వైపు ఎండాకాలంలో పొద్దున పది గంటలకు లోపలికి తోలిన పిల్ల మళ్ళీ సాయంత్రం ఐదున్నరకు గానీ బయటికి రాదు. పదింటికి వేసిన గడ్డి పన్నెండు కాకముందే అయిపోతుంది. అక్కడి నుంచి ఐదున్నర గంటలు దాని నోటికి పని లేదు. కొయ్యకు చేటు వచ్చేది ఆ ఐదున్నర గంటల్లోనే.

ఆవు గబగబా మేసి, నీడలో పడుకుని నెమరు వేసుకుంటుంది. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. బయట మేసే గుర్రం రోజుకు 14 నుంచి 16 గంటలు నోరు ఆడిస్తూనే ఉంటుంది. దాని కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతుంది, ఆ ఆమ్లాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. గడ్డి లేక నాలుగు గంటలు దాటిందంటే కడుపులో మంట మొదలవుతుంది, నోరు ఏదో ఒకటి వెతుక్కుంటుంది. దాన్ని పొగరనుకుని కొట్టేవాళ్ళున్నారు. కొడితే మనిషి ఎదుట మానేస్తుంది, వెనక్కి తిరగ్గానే కొరుకుతుంది.

ముందు ఏ అలవాటో తేల్చుకోండి

రెండు రోజులపాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పదేసి నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. చూడాల్సినవి ఇవి.

కర్రను గీకి, పేళ్ళు లేపి, నమిలి మింగుతుంటే అది కొయ్య కొరకడం. గాట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, కింద పొట్టు రాలి ఉంటుంది.

పై పళ్ళను అంచుకు ఆనించి, మెడ వంచి బిగించి, గొంతులో గురకలాంటి చప్పుడుతో గాలి లాగుతుంటే అది వేరే జబ్బు. కర్ర పెద్దగా పోదు, అంచు మాత్రం నున్నగా అరుగుతుంది, పై ముందుపళ్ళ అంచులు కూడా అరుగుతాయి. ఈ గాలి పీల్చే అలవాటు ఒకసారి స్థిరపడితే మాన్పించడం చాలా కష్టం. మెడకు బిగించే పట్టీలు అమ్ముతారు గానీ పిల్లలకు వాటిని వాడకండి. వెనకున్న కడుపు బాధ అలాగే ఉంటుంది, పైగా మెడ ఒరుసుకుపోతుంది. ఇలాంటి పిల్లను ముందు డాక్టరుకు చూపించాలి.

మట్టి, ఇసుక నాకుతుంటే ఉప్పు, ఖనిజాల కొరత ఉండవచ్చు, లేదా నేల మీద వేసిన దాణా ఏరుకుంటూ ఉండవచ్చు. కృష్ణ ఒడ్డు ఇసుక నేలల్లో ఇది ప్రమాదం. ఇసుక పేగులో పేరుకుంటే కడుపునొప్పి వస్తుంది. పరీక్ష సులువు: నేలకు తగలని పైభాగం నుంచి ఐదారు పేడ ఉండలు తీసుకుని బకెట్ నీళ్ళలో కలిపి పావుగంట ఉంచండి. నీళ్ళు మెల్లగా వంపేస్తే అడుగున చెంచాడు ఇసుక కనిపిస్తే మేత పెట్టే చోటు వెంటనే మార్చాలి.

రెండు నెలల లోపు పసిపిల్ల తల్లి పేడ తింటుంటే కంగారు పడొద్దు, అది సహజం.

ఇక పళ్ళు. గుర్రానికి పాలపళ్ళు 24. ముందుపళ్ళలో మధ్యవి పుట్టిన వారంలో, పక్కవి నెలా నెలన్నరలో, చివరివి ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య వస్తాయి. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు రావడం రెండున్నర ఏళ్ళకు మొదలై నాలుగున్నరకు ముగుస్తుంది. దవడపళ్ళ మీది పాలపంటి తొడుగులూ అదే కాలంలో ఊడతాయి. రెండున్నర ఏళ్ళ పిల్ల ఉన్నట్టుండి కొరకడం మొదలెట్టి, దాణా నోట్లోంచి జారుస్తూ, తల ఒక పక్కకు వంచి నములుతుంటే అది విసుగు కాకపోవచ్చు. తొడుగు సగం ఊడి వేలాడుతూ ఉండవచ్చు.

బరువు కట్టి గడ్డి లెక్క వేయడం

లెక్క లేకుండా వేసే గడ్డి దాదాపు ఎప్పుడూ తక్కువే పడుతుంది, ఎందుకంటే చూపుకు కట్ట పెద్దగా కనిపిస్తుంది. టేపుతో రెండు కొలతలు తీయండి. ఒకటి, ముందుకాళ్ళ వెనక, మెడ దిగువ మిట్టను తాకుతూ ఛాతీ చుట్టుకొలత. రెండోది, భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవు. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించండి. వచ్చినదాన్ని ఏడాది వయసు పిల్లకు 10,900తోనూ, పాలు మానిన ఆర్నెల్ల పిల్లకు 10,100తోనూ భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 136, పొడవు 120 ఉన్న ఏడాది పిల్ల సుమారు 204 కిలోలు. నెలకొకసారి ఇదే కొలత తీసి గోడ మీద రాసుకుంటే ఎదుగుదల కూడా తెలుస్తుంది.

ఎదిగే పిల్లకు రోజుకు బరువులో రెండున్నర శాతం దాకా మేత కావాలి, అదీ తడి తీసేసిన లెక్కన. 200 కిలోల పిల్లకు అది 5 కిలోలు. పచ్చిగడ్డిలో నాలుగింట మూడొంతులు నీళ్ళే ఉంటాయి, కాబట్టి 4 కిలోల పచ్చిగడ్డి కిలో ఎండుగడ్డికి సమానం. ఆ 5 కిలోలు ఇలా సర్దవచ్చు: గరిక ఎండుగడ్డి 3 కిలోలు, పచ్చిగడ్డి 6 కిలోలు, దాణా కిలో నుంచి కిలోంపావు. దాణాను మూడు పూటలుగా పెట్టాలి, ఒక్క పూటకు అరకిలో మించనివ్వకండి.

దాణా ఎక్కువైనా కొరకడం పెరుగుతుంది. పిల్ల బాగా పెరగాలని ఉలవలు, శనగలు, తవుడు దండిగా పెట్టి గడ్డి తగ్గించే ఇళ్ళలో కంచెలు త్వరగా పోతాయి. కిలో దాణా పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, కిలో ఎండుగడ్డి నమలడానికి నలభై నిమిషాల పైనే పడుతుంది. బ్రిటన్‌లో 225 గుర్రప్పిల్లలను నాలుగేళ్ళు గమనించి 2002లో ప్రచురించిన పరిశోధనలో తేలిందీ ఇదే: పాలు మానాక దాణా పెట్టిన పిల్లల్లో గాలి పీల్చే అలవాటు పట్టుకునే అవకాశం నాలుగింతలు. కొయ్య కొరకడం సగటున 30 వారాల వయసులో మొదలైంది. అంటే పాలు మాన్పించిన తర్వాతి వారాలే అసలు గండం.

ఉప్పు మర్చిపోకండి. 200 కిలోల పిల్లకు రోజుకు 20 గ్రాముల గల్లుప్పు దాణాలో కలపండి, లేదా సైంధవ లవణం గడ్డ ఒకటి గాడి పక్కన వేలాడదీయండి. పక్కనే ఎప్పుడూ నీళ్ళుండాలి. ఉప్పు లేని పిల్ల చెమట అంటిన తలుపులను, మనుషులు పట్టుకునే గడియలను నాకడం మొదలెట్టి కొరకడంలోకి దిగుతుంది.

మన దగ్గర దొరికే మేతలు: ఏది ఎంత, ఏది అసలు వద్దు

అన్నిటికన్నా మేలైనది గరిక. పొలం గట్ల మీదా తోటల్లోనూ దొరుకుతుంది. కోయించి రెండు రోజులు నీడలో ఆరబెట్టుకుంటే నిల్వ ఉంటుంది. మందు కొట్టిన మిరప చేల గట్ల మీది గడ్డి మాత్రం తేవద్దు. గుంటూరు మిరపకు కొట్టినన్ని మందులు తక్కువ పంటలకు కొడతారు.

వరిగడ్డి డెల్టాలో ఎక్కడ చూసినా వాములే. నోటికి పని దొరుకుతుంది గానీ బలం తక్కువ, ఇసుకలాంటి సిలికా ఎక్కువ. మొత్తం ఎండుమేతలో నాలుగో వంతు మించకుండా, అదీ నీళ్ళు బాగా తాగే పిల్లకే వేయండి. వానకు తడిసి బూజు వాసన వచ్చే గడ్డి పశువులు తిన్నా గుర్రానికి వేయొద్దు. బూజు పట్టిన మొక్కజొన్న అయితే మరీ ప్రమాదం, మెదడు దెబ్బతిని చస్తాయి.

సూపర్ నేపియర్ గడ్డి ఇప్పుడు ప్రతి డెయిరీ దగ్గరా ఉంది. అందులోని ఆక్సలేట్లు ఒంట్లోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, లాగేస్తాయి. రోజూ అదే మేస్తే పిల్లకు ఎముకలు బలహీనమై ముఖం ఉబ్బుతుంది. వారంలో రెండు మూడు రోజులు, మిగతా గడ్డితో కలిపి వేస్తే సరిపోతుంది. దానికి తోడుగా రోజుకు అరకిలో నుంచి కిలో ఎండిన లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) ఇవ్వండి. ఇందులో కాల్షియం ఎక్కువ, కడుపు ఆమ్లాన్నీ కాస్త చల్లారుస్తుంది. మేత విత్తనాల కోసం గుంటూరు దగ్గర లాం ఫారంలో అడగవచ్చు.

పచ్చి జొన్న గుర్రానికి వద్దు. లేతగా ఉన్నప్పుడు, ఎండకు వాడి మళ్ళీ చిగురించినప్పుడు దానిలో సయనైడు ఏర్పడుతుంది. గుర్రానికైతే ఎక్కువకాలం మేపితే మూత్రాశయం, వెనకకాళ్ళ నరాలు కూడా దెబ్బతింటాయి. ఆవులు నిక్షేపంగా మేస్తున్నాయి కదా అనే వాదన ఇక్కడ చెల్లదు.

అదే తీరు జనుముకూ. వరి కోతల తర్వాత డెల్టాలో పశువులకు వేసే మేతే అయినా, జనుము గింజల్లోని విషం గుర్రాల ఊపిరితిత్తులను, కాలేయాన్ని పాడు చేస్తుంది. పిల్లిపెసరను జనుముతో కలిపి చల్లిన చేలోంచి మేత వస్తుంటే ముందు చూసి ఏరండి. సుబాబుల్ ఆకు మేస్తే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. దాని కొమ్మలు కొరకడానికి ఇవ్వకండి, సుబాబుల్ కర్రలతో కంచె కడితే ఆకులు లేకుండా, బెరడు తీసి, ఎండబెట్టి వాడండి. ఇక గన్నేరు. రోడ్డు డివైడర్లలో, ఇళ్ళ గోడల పక్కన విరగబూసే ఈ మొక్క గుప్పెడు ఆకులు ఎండినవైనా గుర్రాన్ని చంపగలవు. కత్తిరించిన కొమ్మలను గడ్డి కోసేవాళ్ళు పొరపాటున కట్టలో కలిపే ప్రమాదం ఉంది. ప్రతి కట్టా విప్పి చూడటమే దానికి మందు. పచ్చగన్నేరు, ఆముదం, ఉమ్మెత్త కూడా ఇదే వరుస.

మరో మాట గట్టిగా గుర్తుంచుకోండి: కోళ్ళ మేతను, కోళ్ళ మేత సంచిలో తెచ్చిన ఏ దాణానూ గుర్రం దరిదాపులకు రానివ్వకండి. కోళ్ళకు కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కొద్దిగా తగిలినా గుర్రం గుండె ఆగిపోతుంది. పశువుల దాణాలోనూ కొన్నిట్లో ఇవి ఉంటాయి, కాబట్టి గుర్రాల దాణాకు వేరే డబ్బా, వేరే తట్ట, వేరే గరిటె.

ఎండాకాలపు రోజును గంటల వారీగా సర్దడం

గడ్డి ఎంతో తేలాక దాన్ని రోజంతా పరచాలి. ఒక్కసారే కుప్ప వేస్తే ఇష్టమైన ఆకులు ఏరుకుని మిగిలింది తొక్కేస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ముఖ్యంగా రోహిణి కార్తెలో ఇలా నడుపుకోవచ్చు.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయటికి వదలండి. తొమ్మిది దాకా పరిగెత్తనివ్వండి, గరిక ఉంటే మేయనివ్వండి. తొమ్మిదిన్నరకు మొదటి దాణా. పదింటికి, పన్నెండుకు, రెండింటికి, నాలుగింటికి గడ్డి, ప్రతిసారీ మూడు నాలుగు చోట్ల చిన్న చిన్న కుప్పలుగా వేయండి. ఒక చోట గరిక, మరో చోట కొంచెం లూసర్న్, ఇంకో చోట అరటి ఆకు. ఒకే గడ్డి ఒకే చోట వేయడం కన్నా రకరకాలు విడివిడిగా పెడితే పిల్ల వాటి మధ్య తిరుగుతూ ఎక్కువసేపు గడుపుతుంది. రెండింటికి రెండో దాణా. ఐదున్నరకు మళ్ళీ బయట. జోరీగలు తగ్గే చీకటి వేళ పాములు రాని కంచె, దీపం, నమ్మకమైన కాపలా ఉంటే రాత్రంతా బయటే వదిలేయడం అన్నిటికన్నా మంచిది. లేదంటే ఎనిమిదింటికి లోపలికి తోలి మూడో దాణా పెట్టి, పడుకోబోయే ముందు రాత్రి మేతగా మొత్తం గడ్డిలో మూడో వంతు వేయండి. గుర్రం రాత్రుళ్ళు కూడా మేస్తుంది. పొద్దున్నే వెళ్ళేసరికి గాడి నాకినట్టు ఖాళీగా ఉంటే వేసింది తక్కువని అర్థం.

ఆర్నెల్ల పిల్లకు కూడా గది పన్నెండడుగులకు పన్నెండడుగులన్నా ఉండాలి, బయటికి కనిపించే కిటికీ గానీ, సగం తలుపు గానీ ఉండాలి. గోడలు నాలుగు వైపులా మూసేసి ఫ్యాను పెట్టిన గది కన్నా, పైన తాటాకు కప్పి మూడు వైపులా తెరిచిన పాక పిల్లకు హాయి.

తోడు

ఒంటరి పిల్లకు ఎన్ని బొమ్మలు పెట్టినా లాభం తక్కువ. పాలు మాన్పించేటప్పుడు గదిలో ఒంటరిగా మూసేయకుండా, సాటి పిల్లతోనో నిదానమైన ముసలి గుర్రంతోనో బయటే ఉంచి తల్లిని తీసేయండి. రెండో గుర్రం పెంచే తాహతు లేకపోతే మేకో గాడిదో సరే, కొమ్ములు లేని మేక అయితే మేలు. అదీ కుదరకపోతే పక్క గదిలోని గుర్రం కనిపించేలా, ముక్కులు తగిలేలా మధ్య గోడలో ఊచల కిటికీ పెట్టించండి. ఊచల మధ్య 5 సెంటీమీటర్లు మించకూడదు, పిల్ల గిట్ట అందులో దూరకూడదు.

తోడు పిల్ల తోక కొరుకుతుంటే అది కూడా గడ్డి తక్కువైన సూచనే. ముందు గడ్డి పెంచి, తర్వాత తోకకు కొంచెం వేపనూనె రాయండి.

ఆటవస్తువులు: చేసుకునేవి, కొనేవి

ఏ వస్తువుకైనా మూడు పరీక్షలు. గిట్ట దూరి బయటికి రాని కన్నం, వంపు ఉండకూడదు. నోట్లో పూర్తిగా పట్టేంత చిన్నది కాకూడదు. పోగులు ఊడకూడదు. నైలాన్ పోగు, ప్లాస్టిక్ కవరు మింగితే పేగు మూసుకుపోతుంది. ఈ మూడో పరీక్షలో గోనెసంచులు, పాత చీరలు, సన్న నైలాన్ తాళ్ళు అన్నీ తప్పుతాయి. పాత టైర్లు కూడా వద్దు. కారు టైరు అంచు లోపల ఉక్కు తీగలుంటాయి, కొరికేకొద్దీ బయటపడి నాలుక చీరేస్తాయి. కాలు కూడా దూరుతుంది.

మొదట చేయాల్సింది గడ్డి తొట్టి. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తీసుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో పాత డ్రమ్ములు దొరుకుతాయి గానీ దేనికి వాడిందో అడగకుండా తేవద్దు. మామిడి గుజ్జు, నూనె లాంటి తినే పదార్థాలవే కావాలి. ఆమ్లం, పురుగుమందు డ్రమ్మును ఎంత కడిగినా పనికిరాదు. అడుగు నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో అడ్డంగా కోయండి. అంచును ఉప్పుకాగితంతో నున్నగా గీసి, నీళ్ళ పైపును నిలువునా చీల్చి అంచు చుట్టూ తొడగండి. అడుగున 12 మిల్లీమీటర్ల కన్నాలు నాలుగు పెడితే తడి నిలవదు. గది మూలలో రెండు బోల్టులతో బిగించండి, నట్టు వెనక వైపు రావాలి. గడ్డి నేల మీద పడకపోతే మట్టి, ఇసుక కడుపులోకి పోవు, తల కింద పెట్టి తినడం గుర్రానికి సహజం కూడా. దాణా గబగబా మింగే పిల్లకు దాణా తొట్టిలో పిడికిలి కన్నా బాగా పెద్దవైన నున్నటి ఏటి రాళ్ళు మూడు నాలుగు వేయండి. వాటి చుట్టూ ఏరుకోవడంలో పది నిమిషాల పని అరగంట అవుతుంది.

గడ్డి వలలు ఏడాది నిండిన పిల్లలకే, అదీ లాడాలు కొట్టనివాటికే. కన్నం మూడు నాలుగు సెంటీమీటర్లుండాలి. తాడు లావుగా ఉండాలి. చేపల వలలు సన్నపోగుతో అల్లినవి చిగుళ్ళు కోసేస్తాయి. ఖాళీ అయినప్పుడు కూడా అడుగు పిల్ల ఛాతీ కన్నా పైనే ఉండేలా కట్టండి, కాలు పడిందంటే విరుగుతుంది.

దొర్లే దాణా డబ్బా పిల్లలకు బాగా నచ్చుతుంది:

1. పిడి లేని పది లీటర్ల మందపాటి ప్లాస్టిక్ డబ్బా, తినే నూనెది, తీసుకుని వేడినీళ్ళు, సబ్బుతో రెండుసార్లు కడగండి. మూత, దాని చుట్టూ ఉండే రింగు, లేబులు తీసేయండి.
2. వడ్రంగి దగ్గరుండే గుండ్రటి కోత బిట్టుతో పక్కల నాలుగు చోట్ల 35 మిల్లీమీటర్ల కన్నాలు పెట్టించండి. అంచులు వేలితో తడిమి గరుకు లేకుండా గీయండి.
3. ఆ రోజు దాణాలోంచే 300 గ్రాముల పొడి గుళికల దాణా పోయండి. అదనంగా కాదు. నానబెట్టిన ఉలవలు, శనగలు పోస్తే ఎండకు గంటల్లో పులుస్తాయి.
4. చేత్తో ఒక చుట్టు దొర్లించి చూడండి. ఐదు నుంచి పది గుళికలు రాలాలి. గుప్పెళ్ళుగా రాలితే రెండు కన్నాలు మూసేయండి, అసలు రాలకపోతే పిల్ల రెండు నిమిషాల్లో విసిగి వదిలేస్తుంది.
5. సిమెంటు నేల మీద గానీ రబ్బరు చాప మీద గానీ పెట్టండి, ఇసుక మీద కాదు. పగులు కనిపించిన రోజే పారేయండి.

పీవీసీ పైపుతో ఇదే చేయవచ్చని చెబుతుంటారు. పల్చటి పీవీసీ కొరికితే కత్తిలా పగులుతుంది, వద్దు.

రోడ్డు మీద పెట్టే నారింజ రంగు రబ్బరు కోను ఒకటి పచ్చికలో పెట్టి చూడండి. పిల్ల దాన్ని మొదట ముక్కుతో వాసన చూసి, వెనక్కి గెంతి, మళ్ళీ వచ్చి మొన పట్టుకుని గిరగిరా తిప్పుతుంది. పెద్ద బంతి అయితే 75 సెంటీమీటర్ల పైన, మందపాటి తొడుగుతో ఉండాలి. గుంజలకు పిల్ల వీపు ఎత్తులోనూ పక్కల ఎత్తులోనూ గట్టి పీచు చీపురు తలలు, కొబ్బరిపీచు పట్టాలు మేకులు బయటికి రాకుండా బిగిస్తే ఒళ్ళు రుద్దుకోవడానికి పనికొస్తాయి. కొరకడానికి వేలాడదీసేది కావాలంటే చేతిమణికట్టంత లావు నూలు తాడుకు ముడులు వేసి 40 సెంటీమీటర్లకు మించకుండా, పిల్ల ముక్కు ఎత్తులో కట్టండి. మెడకు చుట్టుకునేంత పొడవు ఉండకూడదు. పోగులు లేస్తే మార్చండి.

మే నెల ఒంటిగంటకు ఐస్ దిమ్మ ఇవ్వవచ్చు. ఐదు లీటర్ల స్టీలు బకెట్‌లో నీళ్ళు పోసి, పుచ్చకాయ తొక్క ముక్కలు, నిలువుగా పొడవుగా కోసిన క్యారెట్లు వేసి గడ్డకట్టించి తొట్టిలో బోర్లించండి. క్యారెట్‌ను చక్రాలుగా కోస్తే గొంతులో అడ్డం పడుతుంది. చిగుళ్ళు మండే పళ్ళ వయసు పిల్లలు దీన్ని నాకుతూ చాలాసేపు నిలబడతాయి. మల్బరీ కొమ్మలు, మందు కొట్టని అరటి ఆకు కూడా కొరకడానికి భేషైనవి.

ఎన్ని వస్తువులున్నా ఒకేసారి రెండే కనిపించాలి. మూడు రోజులకొకసారి మార్చి, తీసేసినవి కంటికి కనపడకుండా దాచండి. పాతది వారం తర్వాత కొత్తదిలా తిరిగొస్తుంది.

రోజూ పదిహేను నిమిషాల పని

ఆటవస్తువు కన్నా మనిషితో చేసే చిన్న పని పిల్ల బుర్రను ఎక్కువ అలిసేలా చేస్తుంది. ముఖపట్టీ వేసి నడిపించడం, నాలుగు గిట్టలూ ఎత్తి పట్టుకోవడం, నేల మీద పరిచిన టార్పాలిన్ మీదుగా, పడుకోబెట్టిన సరుగుడు బాదుల మీదుగా నడిపించడం, గొడుగు, మైకు, బాణాసంచా చప్పుడు దూరం నుంచి అలవాటు చేయడం. పెళ్ళి ఊరేగింపులకు పంపాలనుకునే పిల్లకు ఈ చివరిది తప్పనిసరి. పదిహేను నిమిషాలు దాటనివ్వకండి, ఇంకా చేయాలని ఉన్నప్పుడే ఆపండి. రెండేళ్ళ లోపు పిల్లను చిన్న వలయంలో గిరగిరా పరిగెత్తించకండి, లేత కీళ్ళ మీద భారం పడుతుంది.

చేతిలోంచి బెల్లం ముక్కలు తినిపించే అలవాటు మాత్రం వద్దు. నాలుగు రోజుల్లో పిల్ల చొక్కా జేబులు, వేళ్ళు కొరకడం నేర్చుకుంటుంది.

కర్రను కాపాడుకోవడం

గడ్డి, తోడు, పని సరిపడా ఉన్నాక కూడా కొంత కొరుకుడు మిగులుతుంది. ఇప్పుడు కర్ర సంగతి చూడాలి. తలుపు పై అంచు, గాడి అంచులకు 40 మిల్లీమీటర్ల జింకు పూసిన ఎల్ యాంగిల్ బిగించండి. స్క్రూ తలలు లోపలికి దిగాలి, చివరలు గుండ్రంగా రాపిడి చేయించాలి. రేకును వంచి కొడితే కొన్ని నెలల్లో మూల లేచి పెదవి కోస్తుంది.

కంచెకు సోలార్ జట్కా మిషన్ (తీగకు చిన్న షాకు పంపే యంత్రం) ఉంటే ఒక్క తీగ చాలు. అడ్డకర్రకు లోపలి వైపు 15 సెంటీమీటర్ల దూరంలో ఇన్సులేటర్ల మీద లాగండి. వెడల్పు తెల్ల టేపు అయితే పిల్లకు దూరం నుంచే కనిపిస్తుంది. నేరుగా కరెంటు లైను కంచెకు తగిలించడం జంతువునూ మనిషినీ చంపుతుంది, నేరం కూడా. ముళ్ళకంచె గుర్రాలకు ఎక్కడా వద్దు.

కారం పూతకు మన ఊరి సరుకు చాలు. 100 గ్రాముల గుంటూరు ఎండుకారాన్ని అరలీటరు గోరువెచ్చని నూనెలో కలిపి రాత్రంతా ఉంచి, గుడ్డతో వడకట్టి, చేతికి తొడుగులు వేసుకుని బ్రష్షుతో పూయండి. కారంలోని మంట నూనెలో కరుగుతుంది, అందుకే నీళ్ళలో కలిపిన కారం నిలవదు. నాలుగైదు రోజులకొకసారి, వాన పడ్డాక వెంటనే మళ్ళీ పూయాలి. పాలిచ్చే తల్లి ఆనుకునే చోట పూయకండి, పొదుగుకు అంటి పిల్ల నోరు మండుతుంది. తల రుద్దుకునే గుంజకూ వద్దు, కళ్ళలో పడుతుంది. కొన్ని పిల్లలు వారంలో కారానికి అలవాటు పడిపోతాయి, వాటికి బట్టల సబ్బు బిళ్ళను అంచుకు బాగా రుద్ది చూడండి. పోటీలకు పంపే గుర్రం దగ్గర కారం అసలు వాడొద్దు. అందులోని క్యాప్సైసిన్ అంతర్జాతీయ పోటీల్లో నిషిద్ధం. 2008 ఒలింపిక్స్ గుర్రపు పోటీల్లో అది బయటపడి కొన్ని గుర్రాలను పక్కన పెట్టారు.

వాడేసిన ఇంజన్ ఆయిల్, తారు, చెదలమందు, పాత సీసం పెయింటు పూసే అలవాటు మన దగ్గర ఉంది. పిల్ల ఎలాగూ కొంత మింగుతుంది, కాబట్టి అవేవీ వద్దు. చెదల భయమైతే గుంజ అడుగు మందం సిమెంటులో పాతండి.

మార్పు చూడటం, డాక్టరును పిలవడం

కొరికే మూడు చోట్ల సున్నం పూసి వదిలేయండి. వారానికొకసారి కొత్త గాట్లు తెల్లదనం మీద స్పష్టంగా కనిపిస్తాయి, వాటిని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. గడ్డి పెంచిన రెండు మూడు వారాల్లో కొత్త గాట్లు సగానికి తగ్గాలి. తగ్గకపోతే ముందు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య తొట్టిలో గడ్డి నిజంగా ఉంటోందో లేదో స్వయంగా వెళ్ళి చూడండి. పని మనిషి నాలుగు పూటల గడ్డినీ పొద్దున్నే ఒక్కసారి వేసేసి వెళ్ళిపోవడమే చాలాచోట్ల కారణం.

దాణా వదిలేయడం, తిన్నాక కడుపు వైపు తిరిగి చూడటం, నేల మీద దొర్లడం, పళ్ళు కొరకడం, బరువు తగ్గడం, చొంగ కారడం, పేడలో నమలని గింజలు రావడం కనిపిస్తే డాక్టరును పిలవండి. కడుపు పుండు, పంటి బాధ, పురుగులు ఈ మూడూ చూడమనండి. రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళ వయసులో ఒక్కోసారి నోరు తెరిచి పళ్ళ పరీక్ష చేయించడం మంచిది. కడుపునొప్పి సూచనలుంటే గడ్డి, దాణా ఆపి, పిల్లను నెమ్మదిగా నడిపిస్తూ పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయండి. గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే కొరికిన కర్ర ముక్క, ఆ రోజు వేసిన గడ్డి, దాణా సంచి మీది లేబులు వెంట తీసుకెళ్ళండి.